పెరటి దారికి గుట్టుగా కాపలా: టెక్ సందేహాలు

ఎండాకాలం సెలవులు దగ్గరపడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరు మారుతుంది. ఇంటికి తాళం వేసి పెళ్లిళ్లకు, జాతరలకు, పిల్లలతో ఊళ్లకు వెళ్లేవారు, ఉక్కపోతకు డాబా మీద పడుకుని కింది గదులను వదిలేసేవారు అడిగేది ఒకటే: ఇంటి వెనక భాగాన్ని ఎలా కాపాడుకోవాలి? ఈసారి ఆ ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది నల్లగొండ పట్టణానికి ఆనుకుని పెరిగిన కొత్త కాలనీ. ముందు వీధి, వెనక 40 అడుగుల పెరడు, దాని అవతల ఇళ్లు రాని ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. ప్రహరీ ఛాతీ ఎత్తే. గోడ నిండా కెమెరాలు వేలాడటం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. బయటికి తెలియకుండా ఏర్పాటు చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అయితే ఏది దాచాలో ముందు తేల్చుకోవాలి. చాలామంది కెమెరాను చెట్టు కొమ్మల్లో దాచి, రికార్డరును మాత్రం హాల్లో టీవీ కింద పెట్టుకుంటారు. లోపలికి వచ్చినవాడు పోతూ పోతూ ఆ డబ్బాను కూడా సంచిలో వేసుకుంటే కెమెరా ఎంత గొప్పదైనా ఫలితం ఉండదు. కెమెరా కనబడినా పెద్ద నష్టం లేదు, కొందరు దాన్ని చూసే వెనుదిరుగుతారు. రికార్డరు ఉన్న చోటు, దానికి కరెంటు అందే దారి, మీరు ఊళ్లో లేరన్న సంగతి మాత్రం ఎవరి కంటా పడకూడదన్నది నా అభిప్రాయం.

రికార్డరును లోపలి గదిలో, గాలి ఆడే అలమరాలో పెట్టి తాళం వేయండి. అటక మీద పెట్టమని కొందరు సలహా ఇస్తారు కానీ, మన మే నెల ఎండలకు స్లాబు కింద చేరే వేడిలో హార్డ్ డిస్కు ఎక్కువ కాలం మన్నదు. ఫుల్ హెచ్‌డీ చిత్రాన్ని సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే ఒక కెమెరాకు రోజుకు సుమారు 21 జీబీ అవసరమవుతుంది. ఆ లెక్కన నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు పైగా సరిపోతుంది, ఆ తర్వాత పాత దృశ్యాలను చెరిపి కొత్తవి నమోదు చేసుకుంటుంది. మీరు పదిహేను రోజులు ఊరెళ్లే అలవాటు ఉన్నవారైతే 2 టీబీ తీసుకోండి.

ఇక మీ 40 అడుగుల పెరటి విషయానికి వద్దాం. అమ్మేవారు 'ముప్పై మీటర్ల వరకు కనిపిస్తుంది' అంటారు. ఎవరో నడుస్తున్నారని తెలియడం వేరు, ఆ మనిషి ఎవరో ముఖం చూసి గుర్తించగలగడం వేరు. తెలియని మనిషిని కూడా గుర్తించదగినంత స్పష్టత కావాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (చిత్రంలోని చుక్కలు) ఉండాలని ఈ రంగంలోని ప్రమాణం చెబుతోంది. అదే ఎవరో ఉన్నారని మాత్రమే తెలియడానికి 25 పిక్సెళ్లు చాలు. ఫుల్ హెచ్‌డీ చిత్రం అడ్డంగా 1,920 పిక్సెళ్లే కాబట్టి, ఎక్కువగా అమ్ముడుపోయే 2.8 మిల్లీమీటర్ల వెడల్పు లెన్స్‌తో ముఖం గుర్తుపట్టగలిగేది సుమారు మూడు మీటర్ల దూరం వరకే. 6 మిల్లీమీటర్ల లెన్స్ అయితే ఏడు మీటర్ల వరకు పనికొస్తుంది, కానీ అది చూసే మేర సన్నబడుతుంది. అందువల్ల మీ పెరడు మొత్తాన్ని ఒకే కెమెరాతో కప్పాలని చూడకండి. వెనక ప్రహరీని, ఖాళీ ప్లాట్ల వైపును గమనించేందుకు సజ్జ కింద ఒకటి, పెరటి తలుపు దగ్గరికి వచ్చినవాడి ముఖం కోసం మనిషి తల కన్నా కొంచెం ఎత్తులో మరొకటి అమర్చండి. తొమ్మిది, పది అడుగుల ఎత్తులో బిగించిన కెమెరాకు టోపీ తప్ప ముఖం చిక్కదు.

ఈ రెండో కెమెరాను గుట్టుగా ఉంచాలనుకుంటే కొనేటప్పుడే ఒక విషయం అడగండి. రాత్రి చూపు కోసం వాడే పరారుణ దీపాలు ఎక్కువగా 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో ఉంటాయి. చీకట్లో వీటిని నేరుగా చూస్తే మసక ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. 940 నానోమీటర్ల దీపాలు కంటికి కనిపించవు, కాకపోతే వాటి వెలుగు తక్కువ దూరం పోతుంది. తలుపు దగ్గర మూడు మీటర్లే కావాలి కాబట్టి ఆ లోటు మీకు అడ్డు కాదు. దీపాలు కెమెరాలోనే ఉంటే పురుగులు చేరి, వాటి కోసం సాలీడు గూడు కట్టి, రాత్రంతా తెర తెల్లగా మెరుస్తుంది. ఇల్లు ఊడ్చే చీపురుతోనే అప్పుడప్పుడు అక్కడా దులపండి, వేరే ఉపాయం అక్కర్లేదు.

దృశ్యాలు దొంగతనం జరిగాక పనికొస్తాయి, మీకు కావలసింది జరగకముందే కబురు అందడం. అందుకు కెమెరాల కన్నా చవకైన కదలిక సెన్సారు ఎక్కువ ఉపయోగపడుతుంది. పీఐఆర్ అని పిలిచే ఈ పరికరం ఒంటి వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడా కదలడాన్ని పసిగడుతుంది. తనకు ఎదురుగా నడిచి వచ్చే మనిషి కన్నా తన ముందు నుంచి అడ్డంగా దాటే మనిషిని అది సులువుగా పట్టుకుంటుంది. కనుక దాన్ని పెరటి తలుపు మీద కాక పక్క గోడకు, ఏడు అడుగుల ఎత్తులో బిగిస్తే వెనక గోడ దూకి తలుపు వైపు వచ్చేవాడు అడ్డంగానే దాటవలసి వస్తుంది. ఎండలు ముదిరి గోడలు రాత్రి కూడా సెగలు కక్కే రోజుల్లో ఆ తేడా తగ్గిపోతుంది. అప్పుడు దాని సున్నితత్వాన్ని ఒక మెట్టు పెంచి, మీరే పెరట్లో నడిచి పరీక్షించండి. కోతులు, పిల్లులు, కుక్కలు తిరిగే చోట సెన్సారు మాటిమాటికీ మోగితే నాలుగో రోజుకు దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనిషి ఆకారాన్ని వేరుగా గుర్తించే సదుపాయం కెమెరాలో ఉంటే, సెన్సారుతో ఇంటి దీపం వెలిగేలా, కెమెరాతో మాత్రమే ఫోన్ మోగేలా పెట్టుకోండి. కోతులున్న కాలనీల్లో బయటి వైర్లన్నీ గొట్టంలో నుంచి పోవాలి. లేకపోతే దొంగ రాకముందే వాటి పని అయిపోతుంది.

మన ఇళ్లలో మీటరు, మెయిన్ స్విచ్ వీధి వైపు గోడకే ఉంటాయి కాబట్టి, వచ్చేవాడు మొదట దాన్ని కిందికి దించవచ్చు. కెమెరాలనూ రికార్డరునూ ఇన్వర్టరు లైనులో కలపండి. ఇంటర్నెట్ రూటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడితే కరెంటు పోయినా కబురు ఆగదు. వీలైతే వైఫై కెమెరాలకు బదులు, నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా అందుకునే పీఓఈ కెమెరాలు తీసుకోండి. ఒక్క తీగ 100 మీటర్ల దాకా పోతుంది, పెరట్లో ప్లగ్గు అవసరం ఉండదు. ఊరెళ్లినప్పుడు వరండాలో పగలూ రాత్రీ ఒకే బల్బు వెలుగుతూ ఉండటం ఇంట్లో ఎవరూ లేరని చాటడమే అవుతుంది. స్మార్ట్ ప్లగ్గుతో లోపలి గది దీపం రోజుకొక వేళకు వెలిగి ఆరేలా చేయండి. ఇవన్నీ చేసి పెరటి తలుపుకు పాత బేడమే ఉంచితే మాత్రం ఖర్చు దండగ. ముందు వడ్రంగిని పిలిచి లోపలి నుంచి అడ్డ గడియ బిగించండి.

ప్రశ్న: నేను పుణేలో పని చేస్తున్నాను. నారాయణపేట దగ్గర పల్లెలో అమ్మానాన్న మాత్రమే ఉంటారు. అక్కడ బ్రాడ్‌బ్యాండ్ లేదు. సిమ్‌తో నడిచే సోలార్ కెమెరా పెట్టి నేను ఇక్కడి నుంచే చూసుకోవచ్చా?

జవాబు: చూసుకోవచ్చు, కానీ ఎప్పుడూ చూస్తూ కూర్చోవడానికి అది పనికిరాదు. నిరంతరం ప్రసారం చేస్తే పైన చెప్పిన లెక్క ప్రకారం రోజుకు 21 జీబీ డేటా ఖర్చవుతుంది. కదలిక ఉన్నప్పుడు ఇరవై సెకన్ల దృశ్యం పంపేలా పెడితే ఒక్కోదానికి 5 ఎంబీ చాలు, రోజుకు 1.5 జీబీ ప్లాను ధారాళంగా సరిపోతుంది. బ్యాటరీ కెమెరాలు నిద్రలో ఉండి కదలిక తగిలాకే మేల్కొంటాయి కాబట్టి మొదటి క్షణాలు తప్పిపోవచ్చు. దాన్ని గేటుకు కాక, మనిషి కొంతసేపు ఆగే తలుపు ముందు పెట్టండి. లిథియం బ్యాటరీలు 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ తీసుకోవడం మంచిది కాదు. పాలమూరు ఎండలో అంతకు మించి వేడెక్కడానికి కెమెరా ఒక పూట ఎండలో ఉంటే చాలు. కెమెరాను చూరు నీడలో ఉంచి, సోలార్ పలకను మాత్రం వేరే తీగతో డాబా మీద దక్షిణానికి వాల్చి పెట్టించండి.

అమ్మానాన్నలు తిరిగే గదుల్లో కెమెరా పెట్టవద్దని గట్టిగా చెబుతాను. తలుపు రెక్కకు అయస్కాంతం, చట్రానికి స్విచ్ ఉండే చిన్న సెన్సారు పెట్టి, రాత్రి తలుపు తెరుచుకుంటే ఇంట్లో సైరన్ మోగి ఫోన్ వచ్చేలా చేస్తే వారి మర్యాదకు భంగం లేకుండా పని జరుగుతుంది. చవకగా దొరికే ఇలాంటి అలారం పెట్టెలు కొన్ని 2జీ మీదే నడుస్తాయి, వాటిలో 2జీ లేని జియో సిమ్ పనిచేయదు. మొదటి ఫోన్ మీకు కాక పక్కింటి వారికి వెళ్లేలా అమర్చండి. పుణే నుంచి మీరు చేయగలిగింది కూడా వారికి ఫోన్ చేయడమే కదా.

ప్రశ్న: మాది దేవరకొండ వైపు. బత్తాయి తోటలో ఇల్లు. అడవి పందులకు పెట్టినట్టే రాత్రిపూట ప్రహరీ మీది తీగకు కరెంటు ఇస్తే దొంగల భయం ఉండదని అంటున్నారు. ఎలా కలపాలి?

జవాబు: కలపకూడదు. 230 వోల్టుల లైను నేరుగా ఇచ్చిన తీగకు దొంగ, పాలవాడు, బంతి కోసం గోడెక్కిన పిల్లవాడు అన్న తేడా తెలియదు. ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు, ఇంకా తీవ్రమైన అభియోగమూ రావచ్చు. స్టార్టరు, మోటారు కేబుల్ పోతాయన్నది మీ భయమైతే, స్టార్టరు డబ్బా తలుపుకు పై జవాబులో చెప్పిన అయస్కాంత సెన్సారు పెట్టండి.

ప్రశ్న: వనపర్తిలో ఒకే ప్రహరీలో మా అన్నది, నాది రెండు వాటాలు. వెనక నేను కెమెరా పెడితే వదిన అభ్యంతరం చెప్పింది. నా గోడకు నేను పెట్టుకోకూడదా?

జవాబు: గోడ మీదైనా, కెమెరా చూసే చోటు మీ ఒక్కరిదే కాదు. ఉమ్మడిగా ఉండే ఇంట్లో నివాస భాగం కనిపించేలా, తోటి వాటాదారు సమ్మతి లేకుండా కెమెరాలు నడపడం వారి గోప్యతకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పు ఇచ్చింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. పైగా మన వైపు చాలా ఇళ్లలో స్నానాల గది, బట్టలు ఆరేసే దండెం పెరట్లోనే ఉంటాయి. వదినగారి మాటలో న్యాయం ఉంది. కెమెరా సెట్టింగుల్లో 'ప్రైవసీ మాస్క్' అనే సదుపాయం ఉంటుంది. తెర మీద గీసిన భాగం నల్లగా మూసుకుపోయి, రికార్డులో కూడా పడదు. వారి వాటా వైపును, స్నానాల గది దారిని మూసి, ఆ తెరను అన్నావదినలకు చూపించి ఒప్పించండి. వెనక గోడ ఇద్దరిదీ కాబట్టి ఖర్చు పంచుకుని, ఇద్దరి ఫోన్లకూ కబురు వచ్చేలా పెట్టుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: మిర్యాలగూడలో తక్కువ ధరకు ఒక వైఫై కెమెరా కొన్నాను. మన కెమెరాను ఎవరో ఎక్కడి నుంచో చూస్తారంటున్నారు. నిజమేనా?

జవాబు: నిర్లక్ష్యంగా వదిలేస్తే నిజమే. 2016లో 'మిరాయ్' అనే హానికర ప్రోగ్రాం ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాలు, రికార్డర్లలోకి చొరబడింది. వాటికి కంపెనీ పెట్టిన పాస్‌వర్డును కొన్నవారు మార్చకపోవడమే దానికి దారి ఇచ్చింది. ముందు ఆ పాస్‌వర్డు మార్చండి. కెమెరా బిగించిన అబ్బాయి తన ఫోన్‌లో ఖాతా తెరిచి ఉంటే దాన్ని తీసివేయించి, మీ పేరున మళ్లీ తెరవండి. అప్‌డేట్లు ఎప్పుడు వచ్చాయో చూడండి, రెండేళ్లుగా ఒక్కటీ రాని కెమెరాను ఇంటి లోపల వాడకండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి కనుక, ఈసారి కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడగండి.

ప్రశ్న: జడ్చర్లలో మా ఇంట్లో దొంగలు పడ్డారు. దృశ్యాలు ఉన్నాయి కానీ సమయం రెండున్నర గంటలు తేడాగా చూపిస్తోంది. పోలీసులకు ఇస్తే చెల్లుతుందా?

జవాబు: ఇవ్వండి. సరిగ్గా రెండున్నర గంటలు ముందుకు ఉందంటే కెమెరా చైనా సమయంలో ఉందని అర్థం. అక్కడి గడియారం గ్రీనిచ్‌కు ఎనిమిది గంటలు ముందు, మనది ఐదున్నర. ఇప్పుడే సమయం సరిచేయకండి. కెమెరా చూపే సమయం, అదే క్షణంలో మీ ఫోన్‌లోని సమయం ఒకే ఫోటోలో పడేలా తీసి, ఆ తేడాను ఫిర్యాదులో రాయండి. రికార్డింగ్ ఆపించి, మెమరీ కార్డును లేదా డిస్కును అలాగే భద్రపరచండి. ఆపకపోతే కొత్త దృశ్యాలు పాతవాటిని చెరిపేస్తాయి. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతుంది కనుక అసలు ఫైలునే పెన్‌డ్రైవులో ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తింపు సంకేతం, ఫైలు ఏమాత్రం మారినా అదీ మారిపోతుంది) కూడా రాయవలసి ఉంటుంది కాబట్టి, ఆ ఫైలును తెరిచి కత్తిరించడం, మళ్లీ సేవ్ చేయడం వంటివి చేయకుండా స్టేషన్‌కు తీసుకువెళ్లండి.