లైట్ల సంగతి తర్వాత, ముందు వైరు చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మహీంద్రా థార్ జీపు కింద బిగిస్తానంటూ నువ్వు పంపిన లైట్ల డబ్బా ఫొటో చూశాను. ఎనిమిది లైట్లు, ఒక రిమోటు, పదహారు రంగులు, పైన "20 నిమిషాల్లో మీరే బిగించుకోవచ్చు" అని రాత. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పడుకుని వైర్లు లాగుతున్నాను, థార్ కింద ఎనిమిది లైట్లు పెట్టాలంటే ఇప్పటికీ నాకు ఒక పూర్తి రోజు పడుతుంది. అందులో లైట్లు బిగించేది రెండు గంటలే. మిగతాదంతా వైరు నడపటం. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ సగం వదిలేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు అవి ఎందుకో తేల్చుకో. వీటిని రాక్ లైట్లు అంటారు. అమెరికాలో రుబికాన్ ట్రైల్, మోయాబ్ లాంటి చోట్ల పెద్దపెద్ద రాళ్ల మీదుగా జీపుల్ని మనిషి నడకకన్నా నెమ్మదిగా ఎక్కిస్తారు. రాత్రిపూట అక్కడ హెడ్‌లైటు దూరంగా ఉన్న చెట్టుని చూపిస్తుంది కానీ టైరు పక్కనున్న రాయిని చూపించదు. బండి దిగి ముందు నిలబడి "ఎడమకి తిప్పు, ఇంకొంచెం, ఆగు" అని చెప్పేవాడికి ఆ రాయి కనపడాలి. దానికోసం వచ్చిన లైట్లు ఇవి. నువ్వు అనంతగిరి వైపు స్నేహితులతో పోతానంటున్నావు, మంచిదే. కానీ పెళ్లి పందిరిలాగా బండి కింద నీలం, గులాబీ రంగులు వెలిగించుకోవటానికైతే నన్ను అడగకు. రంగుల డబ్బా వాపసు ఇచ్చేసి తెల్లవి తీసుకో, లేదా కొంచెం పసుపు కలిసినవి. వర్షాకాలం మొదట్లో ఉసిళ్లు లేచే రోజుల్లో తెల్ల లైటు వేసి కిందకి వంగి చూడు, నోరు తెరవలేవు. పసుపు లైటుకి అవి కాస్త తక్కువ వస్తాయి.

డబ్బా మీద ఎన్ని వాట్లని రాసినా నమ్మకు. మల్టీమీటరుని 10 ఆంపియర్ల మీద పెట్టి ఒక్కో లైటు ఎంత లాగుతుందో నువ్వే చూడు. ఒక్కోటి 9 వాట్లు అనుకుందాం. ఎనిమిదికి 72. దాన్ని బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే 6 ఆంపియర్లు. కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు, మెయిన్ వైరు 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, అక్కడి నుంచి ఒక్కో లైటుకీ పోయే కొమ్మలకి 0.75 సరిపోతుంది. కిట్‌తో పాటు వెంట్రుకంత సన్నటి వైరు ఇస్తారు. దాన్ని పక్కన పడెయ్యి. బండి పొడవు నాలుగు మీటర్ల లోపే కదా అని ఐదు మీటర్లు కొనకు. ఛాసిస్ వెంబడి వంపులు తిరిగి వెనక చక్రం చేరేసరికి ఒక్కో పక్కకి ఆరు మీటర్లు తినేస్తుంది. మధ్యలో అతుకు పెట్టటంకన్నా నాలుగు మీటర్లు మిగిలిపోవటం నయం.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలో చెప్పేముందు నా తప్పు ఒకటి చెబుతాను. మీ అమ్మకి కూడా తెలియదిది. 2008 ప్రాంతంలో కైకలూరు వైపు చేపల చెరువుల ఆసామి ఒకాయన పాత జీపు తెచ్చాడు. రాత్రిళ్లు చెరువు గట్టు మీద తిరుగుతాడు, గట్టు అంచు కనపడాలి, కింద లైట్లు కావాలన్నాడు. అప్పట్లో ఈ ఎల్‌ఈడీలు ఎక్కడివి? ట్రాక్టరుకి వాడే 55 వాట్ల హాలోజన్లు నాలుగు పెట్టాను. అంటే 18 ఆంపియర్ల పైచిలుకు. ఫ్యూజు మార్చటం ఆయనకి తేలికగా ఉంటుందని డాష్‌బోర్డు కింద పెట్టాను. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకి ఏ కాపలా లేదన్నమాట. ఆ వైరు ఛాసిస్ అంచు మీదుగా దిగే చోట స్లీవు కూడా వేయలేదు. రెండు నెలలు గట్ల మీద ఎగిరి ఎగిరి, ఆ అంచు ఇన్సులేషన్‌ని కోసేసింది. వైరు ఛాసిస్‌కి తగిలింది. డాష్‌బోర్డు కింద ఫ్యూజు చక్కగా ఉంది, బ్యాటరీ నుంచి వచ్చే వైరు మాత్రం ఎర్రగా కాలిపోయింది. డ్రైవరు ఉత్త చేత్తో టెర్మినల్ పీకాడు కాబట్టి బండి మిగిలింది, అతని అరచెయ్యి కాలింది. ఆసామి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ జీపు మళ్లీ నా షెడ్డుకి రాలేదు, అంతే.

అందుకని ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది లైట్లని కాదు, తన తర్వాత ఉన్న వైరుని. తనకు ముందున్న వైరుని అది కాపాడలేదు. ఇది ఒక్కటి గుర్తుంటే బ్యాటరీ పక్కన ఎందుకు పెట్టమంటున్నానో మళ్లీ చెప్పక్కర్లేదు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యి, అన్నీ అయ్యాకే తగిలించు.

రిలే గురించి అడిగావు. అంటే చిన్న స్విచ్చి కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి తెంచే డబ్బా. నిజం చెప్పాలంటే 6 ఆంపియర్లకి రిలే తప్పనిసరి కాదు, మంచి స్విచ్చి మోయగలదు. అయినా పెట్టమంటాను, ఎందుకంటే కరెంటు పారే లావు వైరు క్యాబిన్ లోపలికి రాకుండా ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది. రిలే కింద నంబర్లు చూడు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87 నుంచి లైట్లకి, 86కి స్విచ్చి, 85కి ఎర్త్, అంటే బండి బాడీకి పోయే వైరు. స్విచ్చికి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు నుంచి ఫ్యూజు ట్యాప్‌తో తీసుకో, అది ఫ్యూజు గూట్లో దూర్చి ఇంకో వైరు తీసుకునే ముక్క. కంపెనీ వైరింగ్‌ని కోసి, గీకి, చుట్టి టేపు వేయటం మాత్రం చెయ్యకు. ఈ కాలపు బండ్లలో ఒక వైరు కోస్తే ఇంకెక్కడో మీటరులో లైటు వెలుగుతుంది, ఆ తర్వాత వారంటీ అడగటానికి ముఖం ఉండదు. తాళం తీస్తే లైట్లు ఆరిపోతాయి, మరి క్యాంపులో ఎలా అంటావు. 6 ఆంపియర్ల లెక్కన నాలుగు గంటలు వెలిగితే బ్యాటరీలోంచి 24 ఆంపియర్-అవర్లు పోతాయి. తెల్లారి అడవిలో బండి తోసుకుంటూ ఫొటోలు పంపుతావు. క్యాంపుకి రెండు ఛార్జింగ్ లాంతర్లు కొనుక్కో.

ఇప్పుడు ఎర్త్. ఎల్‌ఈడీలు మిణుకుమిణుకుమంటున్నాయని నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి రోగం ఇక్కడే. ఒక్కో లైటుకీ దగ్గర్లో ఏదో ఒక బోల్టు కింద ఎర్త్ వైరు దూర్చేస్తారు. దానికి పెయింటు అడ్డం, కింద తుప్పు. నువ్వు ఎనిమిది లైట్ల ఎర్తులూ ఒకే చోటికి తీసుకురా. బాడీ మీద ఒక బోల్టు విప్పి, రూపాయి బిళ్ల అంత మేర పెయింటుని ఎమరీ పేపరుతో రుద్దు. తెల్లటి ఇనుము మెరవాలి, బూడిద రంగులో ఉంటే ప్రైమరు ఇంకా ఉన్నట్టే, ఇంకా రుద్దు. వైరు చివర రింగు లగ్గు, అంటే బోల్టు దూరే ఉంగరం లాంటి ముక్క వేసి, పళ్లున్న వాషరు పెట్టి బిగించు. బిగించాక పైన వ్యాజిలైన్ పూయి. ముందే పూస్తే పనికిరాదు.

లగ్గులు కటింగ్ ప్లేయరుతో నొక్కకు, అది నలిపేస్తుంది కానీ పట్టు రాదు. క్రింపింగ్ టూల్ కొనుక్కో, నొక్కాక గట్టిగా లాగి చూడు. ఊడి వస్తే ఇప్పుడే ఊడనివ్వు. అతుకుల మీద లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు వెయ్యి. వేడి చేసినప్పుడు రెండు కొసల్లోంచి జిగురు సన్నటి ఉంగరంలా బయటికి రావాలి, అప్పుడే నీళ్లు పోవు. నల్ల టేపు బండి కింద ఒక వానకాలం కూడా ఉండదు, తోకలా వేలాడుతుంది.

లైట్లు ఎక్కడ పెట్టాలి? చక్రానికి ఒకటి చొప్పున నాలుగు, రెండు పక్కలా మధ్యలో ఒక్కోటి, ముందు బంపరు వెనక ఒకటి, వెనక ఒకటి. వెలుగు నేల మీదా, టైరు లోపలి అంచు మీదా పడాలి. పది అడుగుల దూరం నుంచి చూస్తే వెలుగే కనపడాలి కానీ లైటు గుండు కంట్లో పొడవకూడదు. ముందు టేపుతో తాత్కాలికంగా అంటించి, చీకటి పడ్డాక ఒకసారి చూసుకుని అప్పుడు బిగించు. అయస్కాంతం లైట్లు వద్దు, మొదటి రాయికే రాలిపోతాయి. ఛాసిస్ పట్టీల పైఅంచుకీ కింద అంచుకీ కన్నాలు పెట్టకు, బండి బలమంతా అక్కడే ఉంటుంది. కంపెనీ వదిలిన కన్నాలు బోలెడున్నాయి, వాటికి చిన్న రేకు క్లాంపు వేసుకో. వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌కి కన్నం వేయొచ్చు, కానీ వేసేముందు దాని వెనక ఏముందో చెయ్యి పెట్టి చూడు. డీజిల్ ట్యాంకు ఎటుందో, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో చూడకుండా డ్రిల్లు పట్టుకున్న కుర్రాడిని నా షెడ్డులో ఆ రోజే పంపేశాను.

వైరుని బ్రేకు గొట్టానికి మాత్రం కట్టకు. చూడటానికి నీటుగా ఉంటుంది, చక్రం తిరిగినప్పుడు దాన్ని లాగుతుంది. సైలెన్సరుకి బెత్తెడు దూరమైనా ఉండాలి, డీపీఎఫ్, అంటే డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టరు దగ్గర మూరెడు. నీది డీజిల్, బీఎస్ 6. ఆ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు 600 డిగ్రీల దాకా పోతుంది. మామూలు వైరు, ప్లాస్టిక్ టై దాని పక్కన నిలబడవు. ఫ్లెక్సిబుల్ పైపులో వైరుని దూర్చి, జానెడుకొక టై వేసి, ఛాసిస్ లోపలి వైపు నడుపు. బయటి వైపు నడిపితే రాయి తగిలేది ముందు దానికే. చక్రాల దగ్గర ఒక సున్నా చుట్టంత వదులు ఉంచు. అన్నీ అయ్యాక జాకీ వేసి ఒక చక్రం పూర్తిగా కిందకి వేలాడనివ్వు, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పు. ఎక్కడైనా వైరు బిగిసిందా, టైరుకి తగిలిందా చూడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకు, స్టాండు వెయ్యి.

నీళ్ల పరీక్ష కూడా ముందే చేసుకో. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగుతుందని కంపెనీ చెబుతుంది, లైట్లు అంతకన్నా కిందే ఉంటాయి. డబ్బా మీద ఐపీ 68 అని, అంటే దుమ్మూ నీళ్లూ దూరవని ఉంటుంది, సరే. అరగంట వెలిగించి వేడెక్కాక వెలుగుతుండగానే ఒక్కోదాన్ని చల్లటి నీళ్ల బకెట్లో ముంచు. వేడి లైటు చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని పీలుస్తుంది, కొత్త లైట్లు చచ్చిపోయేది అలాగే. తెల్లారి అద్దం లోపల ఆవిరి కనపడితే బిల్లు చూపించి మార్చుకో. రిమోటు కంట్రోలు డబ్బా ఉన్న కిట్టే కొంటే ఆ డబ్బాని క్యాబిన్ లోపలే పెట్టు.

ఇక చట్టం సంగతి. కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. కాబట్టి రోడ్డెక్కగానే లైట్లు ఆపెయ్యి, ఎరుపు, నీలం అసలు పెట్టకు. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పి, బయట వేయించిన ఎలక్ట్రికల్ సామానుగా పాలసీలో రాయించుకో, కొంచెం ప్రీమియం పెరుగుతుంది. రేపు వైరింగ్ వల్ల ఏదైనా జరిగితే సర్వేయరు ముందు చూసేది ఈ లైట్లనే. ఫారెస్టు వాళ్ల అనుమతి లేని చోటికి పోయి రాత్రి వెలిగించానని మాత్రం నాకు చెప్పకు.

ఆదివారం బండి వేసుకుని రా. పొద్దున ఏడుకల్లా వస్తే ఎండ ముదిరేలోపు కింద పని చాలావరకు అయిపోతుంది, మీ అత్త ఉలవచారు పెడతానంది. వచ్చేటప్పుడు అక్కడ సైకిలు షాపులో పాత ట్యూబులు రెండు అడిగి తీసుకురా. ముక్కలు కోసి క్లాంపుల కింద పెడితే వైరు ఒరుసుకోదు. ఇక్కడి సైకిలు షాపు మూసేశారు.

మీ మామయ్య