టెక్ సందేహాలు: వంకర అపాస్ట్రఫీకి మూడు మెసేజీల బిల్లు

మా ట్యూషన్ సెంటర్ నుంచి తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లో ఎస్ఎంఎస్‌లు పంపుతాం. ఈసారి పంపింది 150 అక్షరాలే. ఒక్కొక్కరికి మూడేసి మెసేజీలు లెక్కగట్టారు. మోసమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

మోసమేమీ లేదు. మీరు పంపిన మెసేజీలో ‘పేరెంట్స్ మీటింగ్’ దగ్గరున్న అపాస్ట్రఫీని పెద్దది చేసి చూడండి. నిటారుగా ఉండాల్సిన గీత 9 అంకెలా తోక వంచుకుని ఉంది. మన కంటికి రెండూ ఒకటే అయినా కంప్యూటర్‌కు వేర్వేరు అక్షరాలు. ఎస్ఎంఎస్‌లో చోటు 140 బైట్లే, అంటే 1,120 బిట్లు. మామూలు ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కనుక 160 పడతాయి. నిటారు అపాస్ట్రఫీ ఆ 7 బిట్ల అక్షరాల పట్టికలో ఉంది, వంకరది లేదు. అదొక్కటి చొరబడితే మెసేజీ మొత్తం యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలూ ఉండే పట్టికలోకి) మారి, అక్షరానికి 16 బిట్లు తింటుంది. ఇక పట్టేవి 70. అది దాటితే, ముక్కలను కలిపే సమాచారానికి కాస్త చోటు పోగా, ముక్కకు 67 చొప్పున, మీ 150కి మూడు ముక్కలు. తెలుగు మెసేజీలకూ ఇదే లెక్క. వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కనుక ‘స్త్రీ’ ఒక్కటే ఆరు!

మెసేజీని వర్డ్‌లో టైప్ చేసి ఉంటే, ఈ వంకర తెచ్చిపెట్టింది అదే. ఆప్షన్స్‌లో ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్, ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్‌కు వెళ్లి ‘స్మార్ట్ కోట్స్’ టిక్కు తీసేయండి. ఐఫోన్‌లో అయితే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘స్మార్ట్ పంక్చుయేషన్’ ఆపాలి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వంకర అక్కడా వంకరే. నేరుగా నోట్‌ప్యాడ్‌లో టైప్ చేస్తే మాత్రం నిటారుగా వస్తుంది. టెలికాం కంపెనీ దగ్గర నమోదు చేయించిన టెంప్లేట్‌లోనూ (మెసేజీ నమూనాలోనూ) సరిచూసుకోండి.

అపాస్ట్రఫీ మరిచిపోతే ఫోను కొన్నిసార్లు తానే పెడుతుంది, కొన్నిసార్లు ఊరుకుంటుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

‘డోంట్’లో వదిలేస్తే మిగిలేది నిఘంటువులో లేని మాట, కనుక దొరికిపోతుంది. ‘ఐ విల్’ను కుదించి రాస్తూ వదిలేస్తే మిగిలేది ‘ఇల్’, అంటే జబ్బు. ‘షి విల్’ కాస్తా ‘షెల్’, అంటే గుల్ల అవుతుంది, ‘హి విల్’ ఏకంగా ‘హెల్’, అంటే నరకం. ఇవన్నీ నిఖార్సైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ నోరెత్తదు. ‘ఇట్స్’తో తిప్పలూ ఇందుకే. అక్కడ ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’ అని విడదీసి చదవండి. అతికితే అపాస్ట్రఫీ పెట్టండి, లేదంటే వద్దు.

అమెరికా క్లయింట్ ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామని మెయిల్ పెట్టారు. అనువాద యాప్ ‘బల్ల మీద పెడదాం’ అంది. రాత్రంతా కూర్చుని స్లైడ్లు తయారు చేశాను. మీటింగ్‌లో దాని ఊసే ఎత్తలేదు!
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

పాపం, మీ తప్పు లేదండీ. బ్రిటన్‌లో ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం. మన పార్లమెంటుదీ ఆ బాటే. అమెరికాలో దానికి తలకిందులు, పక్కన పెట్టేయడం. రాసినవారు ఏ దేశం వారో చెప్పి, మెయిల్ మొత్తం ఏఐకి ఇస్తే అది సరిగా చెప్పే అవకాశం ఎక్కువ. నేనైతే ‘ఏ తేదీన చర్చిద్దాం’ అని తిరుగు మెయిల్ పెడతాను, ఒక్క నిమిషం పని. అలాగే సెలవు పెట్టేటప్పుడు ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అని రాయకండి. ఏ రైల్వే స్టేషన్ అని వాళ్లు అడిగినా అడుగుతారు.