వాల్తేరు నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

ముస్లింలు బ్రిటిష్ సైన్యంలో కొనసాగకూడదని తీర్మానించినందుకు 1921లో ఖిలాఫత్ నాయకుల మీద పెట్టిన కరాచీ కేసు గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆవేశం నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ఆ కేసులో ముద్దాయిలైన అలీ సోదరులు మహమ్మద్, షౌకత్‌లను వీరులనీ, తెల్లదొరలను దుర్మార్గులనీ తేల్చేశావు. ఇక చదివేవాడికి ఏం మిగిలింది?

నేనైతే మన విశాఖపట్నంలోని వాల్తేరు స్టేషన్ నుంచి మొదలుపెడతాను. 1921 సెప్టెంబర్ 14. రైలు అక్కడ పాతిక నిమిషాలు ఆగుతుంది. బయట సభలో మాట్లాడదామని గాంధీ, మహమ్మద్ అలీ దిగి నడుస్తున్నారు. గాంధీ నాలుగడుగులు ముందున్నారు. వెనక నుంచి అలీ కేక వినిపించింది. పోలీసులిచ్చిన నోటీసును ఆయన గట్టిగా చదువుతున్నారు. ఇదంతా గాంధీయే రాసిపెట్టారు. మన గడ్డ మీద జరిగిన ఈ ఘట్టాన్ని నువ్వు 'అరెస్టు చేశారు' అని ఒక్క ముక్కలో దాటేశావు.

తీర్మానాన్ని మాట మాటా చదువు. ప్రస్తుత పరిస్థితుల్లో ముస్లిం బ్రిటిష్ సైన్యంలో కొనసాగడం మతరీత్యా నిషిద్ధమని ఆ ఏడు జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ (టర్కీ ఖలీఫా పక్షాన సాగిన ఉద్యమం) మహాసభ తీర్మానించింది. 'తిరగబడమన్నారు' అని నువ్వు రాశావు. అది ప్రాసిక్యూషన్ మాట, నీ కలంలోకి ఎలా వచ్చిందో చూసుకో. కొలువు మానెయ్యమనడం వేరు, తుపాకీ తిప్పమనడం వేరు. సైనికులను తిరుగుబాటుకు పురికొల్పడం గురించిన శిక్షాస్మృతి సెక్షన్ 131కి ఆ తేడా పెద్దగా పట్టదు. సిపాయి ఆజ్ఞ మీరనక్కర్లేదు, అతన్ని విధి నుంచి తప్పించే ప్రయత్నం చేస్తే చాలు. కుట్ర ఆరోపణ నిలవకపోయినా, వేరే సెక్షన్ల కింద ఆరుగురికి రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. వాళ్లతోపాటు బోనెక్కిన హిందూ పీఠాధిపతి శంకరాచార్య ఒక్కరే విడుదలయ్యారు. అంతరాత్మ మాట చెప్పినందుకు జైలా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా సర్కారు భయాన్నీ నిజాయితీగా రాయి. 1857 సిపాయిల తిరుగుబాటు గడిచి అప్పటికి 64 ఏళ్లే.

ఆ తర్వాత గాంధీ ఏం చేశారో వదిలెయ్యకు. సిపాయిల విధేయత గురించి ఆయన తన పత్రిక 'యంగ్ ఇండియా'లో రాసింది 1922 మార్చిలో ఆయన మీద నడిచిన రాజద్రోహం కేసులోని మూడు వ్యాసాల్లో ఒకటి. ఆరేళ్ల శిక్ష పడింది. 131 కూడా ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 159గా ఉంది.

ఇంకొక్కటి. నీ వ్యాసంలో నాయకులున్నారు, జడ్జీ ఉన్నాడు, సిపాయి మాత్రం లేడు. నెల జీతం కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్న మనిషి ఆ తీర్మానం వింటే ఆ రాత్రి ఎలా పడుకుంటాడో ఆలోచించి, మళ్లీ రాసి పంపు.

మీ అన్నయ్య