ఇరవైకి ఇరవై వేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయికి పదో తరగతిలో 9.8 జీపీఏ వచ్చింది. ఇంటర్నల్స్ అన్నింట్లో ఇరవైకి ఇరవై. ఇప్పుడు ఎంపీసీ మొదటి ఏడాది. మ్యాథ్స్ వీక్లీ టెస్టుల్లో ముప్పైకి ఆరు, ఏడు దాటడం లేదు. వాడు చదవడం మానేశాడా, అప్పటి మార్కులే నిజం కావా?
– ఒక తల్లి, జగిత్యాల (2024)

జవాబు: రెండోదానికే అవకాశం ఎక్కువ. పిల్లాణ్ని తిట్టకముందు ఆ 9.8ని విప్పి చూడండి. ఆరు సబ్జెక్టుల సగటు కాబట్టి ఐదింట్లో 10, ఒకదాంట్లో 9 వచ్చినట్టు. 91 వచ్చినా, 100 వచ్చినా పాయింట్లు పదే. ద్వితీయ భాషలో అయితే 80కే పది ఇచ్చేసేవారు. (తెలంగాణలో 2025 నుంచి జీపీఏ తీసేసి మార్కులు ఇస్తున్నారు.) ఆ 91లో ఇరవై బడి వేసినవి కాబట్టి బోర్డు పేపర్లో 80కి 71 తెచ్చుకుంటే సరిపోయింది. 9 వచ్చింది మ్యాథ్స్‌లోనే అయితే 61 చాలు.

ఇక ఆ ఇరవై సంగతి. తరగతిలో పాల్గొన్నందుకు 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టు అనే చిన్న రాతపరీక్షకు 5. పిల్లాడు ఎవరి సాయం లేకుండా రాసేది ఆఖరి ఐదు మార్కులకే. నోట్సు పక్కవాడిది చూసి ఎక్కించవచ్చు, ప్రాజెక్టు ఇంట్లోవాళ్లు చేసి పెట్టవచ్చు. స్లిప్ టెస్టులోనూ పుస్తకంలోని లెక్కే అంకెలు మార్చకుండా ఇస్తే, అది జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్షే అవుతుంది.

ఆదివారం ఒక పని చేయండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పుస్తకాల నుంచి ఇరవై లెక్కలు తీసి, అంకెలు మార్చి, నలభై నిమిషాలు ఇవ్వండి. భిన్నాల కూడిక, మైనస్ గుర్తులు, కారణాంకాలు, రేఖీయ సమీకరణాలు ఉండాలి. దిద్దాక తప్పుల్ని మూడు కుప్పలు చేయండి: ఎలా మొదలుపెట్టాలో తెలియనివి, దారి తెలిసీ మధ్యలో జారినవి, టైం చాలనివి. మొదటి కుప్ప పెద్దదైతే ఇంటర్ పుస్తకం రోజుకో గంట పక్కనపెట్టి కింది తరగతికి వెళ్లాల్సిందే. రెండోదైతే కొత్త ట్యూషన్ అక్కర్లేదు, ప్రతి మెట్టూ రాసే అలవాటు కావాలి. త్రికోణమితి రావడం లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి నిజానికి రానిది భిన్నాలే.

ప్రశ్న: ప్రైవేటు బడిలో టీచర్ని. ఇంటర్నల్స్‌లో ఎవరికీ ఇరవైకి 18 తగ్గకూడదని మేనేజ్‌మెంట్ మాట. పిల్లలకు మేలేగా అంటారు. నష్టమేమిటి?
– ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ

జవాబు: ఇంటర్నల్స్‌నే నమ్మితే ఏమవుతుందో కరోనా చూపించింది. తెలంగాణలో 2020, 2021 పదో తరగతి ఫలితాలు వాటితోనే ఇచ్చారు. 2021లో ఐదు లక్షల పైచిలుకు పిల్లల్లో రెండు లక్షల మందికి పైగా 10 జీపీఏ. ఆ ఏడాది బాసర ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) పదో తరగతి గ్రేడ్లతో సీట్లు ఇవ్వలేక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకు తీసుకుంది. ఆంధ్రాలో ఆర్జీయూకేటీ అంతకుముందే, 2020 డిసెంబరులో, సొంతంగా ప్రవేశ పరీక్ష పెట్టుకుంది. 2020లో పది పాసైనవాళ్లు ఇంటర్ మొదటి ఏడాది పరీక్ష 2021 అక్టోబరులో రాస్తే 49 శాతమే గట్టెక్కారు. తర్వాత ప్రభుత్వం తప్పినవాళ్లందరికీ 35 వేసి పాస్ చేసింది. ఆన్‌లైన్ పాఠాల దెబ్బ కూడా అందులో ఉంది, నేరమంతా ఇంటర్నల్స్‌ది కాదు.

అసలు నష్టం ఇక్కడే ఉంది. మార్కులు అందరికీ ఒకేలా ఉంటే కాలేజీ వాటిని చూడటం మానేసి మరో పరీక్ష పెడుతుంది. ఢిల్లీ యూనివర్సిటీలో 2021లో కొన్ని కోర్సుల కటాఫ్ వంద శాతానికి చేరింది. 2022 నుంచి అక్కడ సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. మన ఎంసెట్‌లోనూ ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని తెలంగాణ 2023లో ఎత్తేసింది. కొత్త పరీక్ష వస్తే దానికో కోచింగ్ వస్తుంది. మీరు ఉచితంగా వేసిన రెండు మార్కులకు ఆ ఫీజు కట్టేది తల్లిదండ్రులే. కట్టలేని ఇంటి పిల్లాడు తన స్థాయి తెలియకుండానే ఆగిపోతాడు.

మేనేజ్‌మెంట్‌తో పోట్లాడలేకపోతే, స్లిప్ టెస్టు మార్కు మాత్రం ప్రోగ్రెస్ కార్డులో విడిగా రాయండి. పేపర్లు పక్క సెక్షన్ టీచర్‌తో మార్చుకుని దిద్దుకోండి. ఐదు ప్రశ్నల్లో రెండు పుస్తకంలో లేనివి ఉండాలి.

ప్రశ్న: బీటెక్ ఇంటర్నల్స్‌లో 40కి 38 తగ్గలేదు, సీజీపీఏ 8.6. కానీ కంపెనీల మొదటి రౌండే దాటడం లేదు.
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: సీజీపీఏ గేటు దగ్గర చూపే పాసు లాంటిది, లోపల ఎవరూ దాన్ని చూడరు. లోపల జరిగేది ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు. ఫోన్ పక్కన పెట్టి, నెట్ ఆపి, ఒక వరుసలో రెండో పెద్ద సంఖ్యను కనుక్కునే ప్రోగ్రాం పదిహేను నిమిషాల్లో రాయండి. అన్ని సంఖ్యలూ ఒకటే అయితే, ఒక్కటే సంఖ్య ఉంటే ఏం చేస్తుందో కూడా చూడండి. చాలామంది తప్పేది అక్కడే. ఇది రాలేదంటే ల్యాబ్ రికార్డులో ఎక్కించిన ప్రోగ్రాములనే మొదటి నుంచి, చూడకుండా, రోజుకు రెండు చొప్పున రాసుకుంటూ రండి.