ఒంట్లో ఇనుము ఉన్నా రక్తానికి అందకపోతే? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పోయిన సంచికలో రక్తహీనత గురించి ఒకరికి జవాబు రాస్తూ, "ఇనుము నిల్వ ఉన్నా సరే, రాగితో పనిచేసే ఒక ప్రొటీన్ లేకపోతే అది కణాలు దాటి రక్తంలోకి సరిగ్గా రాదు" అన్నాను. ఆ ప్రొటీన్ పేరు సెరులోప్లాస్మిన్. నేను ల్యాబ్‌లో ఎక్కువ కాలం పనిచేసింది దానిమీదే కాబట్టి ఆ మాట రాయకుండా ఉండలేకపోయాను. దాన్ని పట్టుకుని వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. అందుకే చోటంతా వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: సెరులోప్లాస్మిన్ నీలం రంగులో ఉంటుందని మా లెక్చరర్ చెప్పారు. మరి సీరమ్ పసుపుపచ్చగా ఉంటుందేం మేడమ్? ఆ నీలం మీరు స్వయంగా చూశారా? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: చూశానమ్మా. మొదటిసారి చూసినప్పుడు కాసేపు పని ఆపేసి దానివైపే చూస్తూ నిలబడ్డాను.

సీరమ్ అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. వంద మిల్లీలీటర్ల సీరమ్‌లో ప్రొటీన్లన్నీ కలిపి దాదాపు 7 గ్రాములు ఉంటే, అందులో సెరులోప్లాస్మిన్ 20 నుంచి 40 మిల్లీగ్రాములే. సీరమ్‌లోని బిలిరుబిన్, కెరోటిన్ లాంటి పసుపు పదార్థాల మధ్య ఆ కాస్త నీలం కంటికి ఆనదు. అయితే గర్భిణుల్లో, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడేవారిలో ఈ ప్రొటీన్ బాగా పెరుగుతుంది. అప్పుడు నీలం, పసుపు కలిసి ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) ఒక్కోసారి ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ల్యాబ్‌లో దీన్ని వేరుచేయడానికి ప్లాస్మాను అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌లోకి, అంటే విద్యుదావేశాన్నిబట్టి ప్రొటీన్లను పట్టుకునే పదార్థం నింపిన గొట్టంలోకి పంపుతాం. పసుపుపచ్చని ద్రవం చాలావరకు కిందికి దిగిపోతుంది. కాలమ్ పైభాగంలో మాత్రం సన్నని నీలం పట్టీ ఒకటి అంటుకుని ఉండిపోతుంది. ఉప్పు ద్రావణం గాఢత పెంచుకుంటూ పోస్తే ఆ పట్టీ మెల్లగా కిందికి జారుతుంది. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. రక్తంలో ప్రొటీన్లను కోసే ఎంజైములకు ఇది చాలా తేలిగ్గా దొరికిపోతుంది, అందుకే వాటిని ఆపే మందు మొదటే కలుపుతాం. ఇది చాలా ముక్కలు అతుక్కుని ఏర్పడిన ప్రొటీన్ అని ఒకప్పుడు అనుకోవడానికి కారణం కూడా ఈ కోతే. నిజానికి ఇది 1,046 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. శుద్ధి అయిందో లేదో తెలియాలంటే 610 నానోమీటర్ల దగ్గర నీలాన్నీ, 280 దగ్గర మొత్తం ప్రొటీన్‌నూ కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తాం. 0.045 దాకా వస్తే చాలు, అది మంచి ప్రిపరేషన్.

నీకు అవకాశం వస్తే ఒకటి చేసి చూడు. ఆ నీలం ద్రావణంలో కొంచెం విటమిన్ సి వెయ్యి. రంగు పోతుంది. విటమిన్ సి ఇచ్చిన ఎలక్ట్రాన్లను రాగి తీసుకోవడమే దానికి కారణం. తర్వాత గాలి తగలనిస్తే ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, నీలం మళ్లీ వస్తుంది. ఈ ప్రొటీన్ శరీరంలో చేసే పనీ ఇదే. ఒకచోట ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అప్పగించడం. శరీరంలో ఆ ఎలక్ట్రాన్ ఇచ్చేది ఇనుము.

ప్రశ్న: ఇనుముకు గాలి తగిలితే దానంతటదే ఆక్సీకరణం చెందుతుంది. దానికి ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ కావాలని ఎలా తేలింది? ఇనుముకు రాగితో సంబంధం ఉందని అసలు ఎవరికి తట్టింది? – కెమిస్ట్రీ టీచర్

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబులోంచే మొదటిదానికీ దారి దొరుకుతుంది.

1928లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో హార్ట్, స్టీన్‌బాక్, వాడెల్, ఎల్వెహెమ్ అనే నలుగురు ఎలుకలకు పాలు మాత్రమే పట్టి పెంచారు. వాటికి రక్తహీనత వచ్చింది. శుద్ధమైన ఇనుము లవణం ఇస్తే తగ్గలేదు. కాలేయాన్ని కాల్చిన బూడిద ఇస్తే తగ్గింది. బూడిదలో విటమిన్లు మిగలవు కాబట్టి అది ఖనిజమే అయ్యుండాలి. వెతగ్గా వెతగ్గా తేలింది రాగి. ఇనుముతో హిమోగ్లోబిన్ తయారు కావాలంటే రాగి కూడా ఉండాలని అలా తెలిసింది. ఎందుకన్నది మాత్రం చాలా ఏళ్లపాటు ఎవరికీ తెలియలేదు.

1940లలో స్వీడన్‌లో హోల్మ్‌బెర్గ్, లారెల్ రక్తంలోంచి ఈ నీలం ప్రొటీన్‌ను వేరుచేశారు. రక్తంలో రాగి చాలావరకు దీనిలోనే ఉంటుంది కాబట్టి, ఇది రాగిని మోసుకెళ్లే ప్రొటీన్ అని అందరూ అనుకున్నారు. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌కు ఆ పేరు పెట్టినవాళ్లూ ఈ ఇద్దరే. రెండు ప్రొటీన్లూ ఒకే ల్యాబ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య బంధం బయటపడింది మాత్రం 1966లో. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఒసాకి, జాన్సన్, ఫ్రీడెన్ కలిసి, సెరులోప్లాస్మిన్ ఫెర్రస్ ఇనుము (Fe²⁺) నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసి దాన్ని ఫెర్రిక్‌గా (Fe³⁺) మారుస్తుందనీ, రక్తంలో దాని అసలు పని అదే కావచ్చనీ ప్రతిపాదించారు. ట్రాన్స్‌ఫెరిన్ గట్టిగా పట్టుకునేది ఫెర్రిక్ ఇనుమునే. కణంలోంచి బయటికొచ్చేదేమో ఫెర్రస్. ఈ రెంటి మధ్య ఒక మెట్టు ఉందన్నమాట.

అప్పుడు చాలామంది వేసిన ప్రశ్నే మీరూ వేశారు. అది దానంతటదే జరుగుతుంది కదా, ఎంజైమ్ ఎందుకని. ఫ్రీడెన్ బృందం ఇచ్చిన జవాబు వేగం గురించి. గాలి పుష్కలంగా ఉన్న గాజు గొట్టం వేరు, ఆక్సిజన్ తక్కువగా ఉండే కణజాలం వేరు. ఇనుము తనంతట తాను మారే వేగం అక్కడ సరిపోదు. నాకు ఇంకా బలంగా తోచే కారణం మరొకటి ఉంది. ఇనుము ఒంటరిగా ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ ఇస్తే సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. అవి కణాన్ని దెబ్బతీస్తాయి. సెరులోప్లాస్మిన్‌లో ఆరు రాగి పరమాణువులున్నాయి. నాలుగు ఇనుము అయాన్ల దగ్గర ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుని, ఆ నాలుగింటినీ మూడు రాగి పరమాణువులు గుంపుగా ఉన్న చోటికి చేర్చి, అక్కడ ఒక ఆక్సిజన్ అణువును పూర్తిగా నీరుగా మార్చేస్తుంది. మధ్యలో ప్రమాదకరమైనదేదీ బయటికి జారదు. తుప్పు పట్టడానికీ దీనికీ పోలికే లేదు సార్.

ప్రతిపాదన సరే, రుజువు? అది పందుల్లో దొరికింది. యూటా యూనివర్సిటీలో కార్ట్‌రైట్ బృందం రాగి లేని మేతతో పందుల్ని పెంచింది. వాటికి రక్తహీనత వచ్చింది, సీరమ్‌లో ఇనుము పడిపోయింది. కాలేయంలో మాత్రం ఇనుము పేరుకుపోయింది. గాదె నిండా ధాన్యం ఉండి తలుపు తెరుచుకోకపోతే ఇంట్లోవాళ్లు పస్తులున్నట్టు అయింది వాటి పరిస్థితి. ఆ పందులకు సెరులోప్లాస్మిన్ ఇంజెక్షన్ ఇవ్వగానే సీరమ్‌లో ఇనుము పెరిగింది. కాపర్ సల్ఫేట్ ఇచ్చినప్పుడు మాత్రం ఆలస్యంగా, రక్తంలో సెరులోప్లాస్మిన్ తయారై కనిపించాకే పెరిగింది. ఈ తేడా చూడండి. కావలసింది ఉత్త రాగి కాదు, రాగి ఎక్కిన ఆ ప్రొటీన్. 1960ల చివర, 1970లో వచ్చిన ఆ పేపర్లు విద్యార్థులకు ఇప్పటికీ నేను చదివించేవి.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. కణంలోంచి ఇనుమును బయటికి పంపే ఫెరోపోర్టిన్ 2000లో దొరికింది. కొన్ని కణాల్లో, ఈ రాగి ప్రొటీన్ లేనప్పుడు ఫెరోపోర్టిన్ కూడా కణం పైపొరలో నిలవకుండా లోపలికి పోయి నాశనమవుతుందని 2007లో తేలింది. పేగు కణాల్లో సెరులోప్లాస్మిన్‌కు చుట్టమైన హెఫెస్టిన్ ఇదే పని చేస్తుంది. ఈస్ట్‌లోనూ ఇనుము లోపలికి రావాలంటే రాగి ఉన్న ఎంజైమ్ కావాలి.

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. చేతులు వణుకుతుంటే పరీక్షలు చేశారు. సెరులోప్లాస్మిన్ 8 మాత్రమే ఉంది, విల్సన్ వ్యాధి అన్నారు. మీరు రాసినదాన్నిబట్టి వాడికి ఇనుము కూడా పేరుకుపోతుందా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక అక్క

జవాబు: ముందు ఒక ధైర్యం చెప్పనివ్వండమ్మా. విల్సన్ వ్యాధికి మందులున్నాయి, త్వరగా పట్టుకుంటే బాగా పనిచేస్తాయి. మానకుండా వాడటమే ముఖ్యం.

ఇక మీ ప్రశ్న. విల్సన్ వ్యాధిలో అసలు లోపం సెరులోప్లాస్మిన్‌ది కాదు. కాలేయంలో ఏటీపీ7బీ అనే ప్రొటీన్ రెండు పనులు చేయాలి: సెరులోప్లాస్మిన్‌లోకి రాగిని ఎక్కించడం, అదనపు రాగిని పిత్తంలోకి పంపడం. అది పనిచేయక రాగి కాలేయంలో, తర్వాత మెదడులో చేరుతుంది. రాగి ఎక్కని సెరులోప్లాస్మిన్ రక్తంలో కొన్ని గంటలకే కరిగిపోతుంది. రాగి ఎక్కినదైతే దాదాపు ఐదు రోజులు ఉంటుంది. పరీక్షలో అంకె పడిపోయేది అందుకే. కానీ ఇనుమును కదిలించడానికి మామూలు మోతాదులో చాలా కొద్ది భాగం ఉన్నా సరిపోతుంది. మీ తమ్ముడికి ఉన్న 8తో ఆ పని సాగిపోతుంది. వైద్యులు చూడవలసింది రాగినే.

ఆ ప్రొటీన్ బొత్తిగా లేనివాళ్ల కథ వేరు. 1987లో జపాన్‌లో మియాజిమా బృందం 52 ఏళ్ల మహిళ గురించి రాసింది. ఆమెకు మధుమేహం, కంటి రెటీనా దెబ్బతినడం, కనురెప్పలు వాటంతటవే బిగుసుకోవడం ఉన్నాయి. రక్తంలో సెరులోప్లాస్మిన్ లేదు. దాని జన్యువులోనే లోపం ఉందని 1995లో తేలింది. ఇలాంటివాళ్లలో కాలేయం, క్లోమం, మెదడు ఇనుముతో నిండిపోతాయి. రాగి పంపిణీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రాగిని మోయడమే ఈ ప్రొటీన్ పని అయ్యుంటే అలా జరగదు కదా. ఎన్ని ప్రయోగాలు చేసినా దొరకని స్పష్టత ఆ రోగులవల్ల దొరికింది. వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. మనకు తెలిసినదానికి వాళ్లు చెల్లించిన మూల్యం పెద్దది.

మీరు వెంటనే చేయాల్సింది ఒకటుంది. విల్సన్ వ్యాధి ఉన్నవారి తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ అది వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఏ లక్షణాలూ లేకపోయినా మీరూ, మిగతా తోబుట్టువులూ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి హిమోగ్లోబిన్ తక్కువని ఐరన్ మాత్రలు వాడుతోంది. రాగి మాత్రలు కూడా కలిపి ఇస్తే త్వరగా పెరుగుతుందా? – ఒక తల్లి

జవాబు: ఇవ్వకండి. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం రాగి సుమారు 100 మిల్లీగ్రాములు. రోజూ కావలసింది అందులో చాలా కొంచెం. మామూలు తిండిలోనే అది దొరుకుతుంది. అమ్మాయిల్లో రక్తహీనతకు ఎక్కువసార్లు కారణం ఇనుము నిల్వ తగ్గిపోవడమే. ఇనుమును నిల్వచేసే ప్రొటీన్ ఫెరిటిన్. దాని పరీక్షలో అది తెలుస్తుంది. ఫెరిటిన్ తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలే సరైన మందు, వాటిని మధ్యలో మానకపోతే చాలు.

సీరమ్ ఐరన్ తక్కువగా ఉండి ఫెరిటిన్ ఎక్కువగా ఉంటే మాత్రం మీ అంతట మీరు ఐరన్ కొనసాగించొద్దు. చాలాసార్లు దానికి కారణం ఏదో దీర్ఘకాలిక ఇన్ఫెక్షనో వాపో అవుతుంది. చాలా అరుదుగా, పైన చెప్పిన జపాన్ మహిళ లాంటి కేసు అవుతుంది. వాళ్లకు రక్తహీనత ఉంది కదా అని ఐరన్ ఇస్తే అది నేరుగా అవయవాల్లో చేరి హాని చేస్తుంది. వాళ్లకు కావలసింది ఇనుమును బయటికి లాగే మందులు.

ఇంకోటి అడగాలి. అమ్మాయి జింక్ మాత్రలేమైనా వాడుతోందా? జింక్ ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే, పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరిగి రాగిని అక్కడే పట్టేస్తుంది. ఆ కణాలు రాలిపోతే రాగి కూడా వాటితో పోతుంది. విల్సన్ వ్యాధిలో జింక్‌ను మందుగా వాడేది ఈ గుణం వల్లే. మామూలువాళ్లలో అదే గుణం రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, పాదాల తిమ్మిర్లు తెచ్చిపెడుతుంది. ఐరన్ ఎంత వాడినా ఆ రక్తహీనత తగ్గదు. బరువు తగ్గడానికి జీర్ణాశయానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనూ రాగి లోపం వస్తుంది. ఇలాంటిదేదైనా ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: ఏడో నెల గర్భిణిని. రిపోర్టులో సెరులోప్లాస్మిన్ 58 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. భయపడాలా?

జవాబు: అక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఇది ఇలాగే పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు ఉన్నప్పుడూ పెరుగుతుంది. ల్యాబ్‌వాళ్లు వేసిన హద్దు గర్భిణులకు వర్తించదు. విల్సన్ వ్యాధి అనుమానంతో చేయించి ఉంటే మాత్రం, గర్భంలో పెరిగిన అంకెను చూసి అది లేదని తేల్చేయకూడదు. ఆ సంగతి మీ డాక్టరుతో మాట్లాడి, మిగతా పరీక్షలు కూడా చూడమనండి.