పాత మారుతి 800 టాపు కోసి ఓపెన్ కారు చేయించొచ్చా?

విజయనగరంలో నాన్నగారి పాత మారుతి 800 మూలన పడి ఉందని, టాపు కోయించి చింతపల్లి బీచ్‌కి వేసుకెళ్లాలని ఉందని అడిగారు. నేను ఈ పని చేయించాను. ఆ కారు పలాస దగ్గర మా జీడితోటలో ఇప్పటికీ ఉంది. నాన్నగారి కారు మీద మాత్రం దయచేసి గ్రైండర్ పెట్టించకండి.

జీపుకి కింద చాసిస్ (బరువంతా మోసే ఇనుప ఫ్రేము) వేరు, పైన బాడీ వేరు. టాపు విప్పేసినా దానికేం కాదు. మారుతి 800కి విడిగా చాసిస్ లేదు. ఫ్లోరు, డోర్ల కింద ఉండే పట్టీలు, పిల్లర్లు, టాపు అన్నీ కలిస్తేనే దానికి బలం. అగ్గిపెట్టెని తొడుగుతో సహా మెలిపెట్టి చూడండి, తర్వాత లోపలి అర ఒక్కదాన్నే మెలిపెట్టండి. తేడా వేళ్లకే తెలుస్తుంది.

నాకు అప్పట్లో ఇది తెలీదు. టింకరింగ్ మేస్త్రి టాపు అంచు కోస్తుంటే కటింగ్ వీల్ గాటులో బిగుసుకుపోయింది. రెండు వీల్స్ విరిగాయి. రేకు గట్టిదేమో అనుకున్నాం. నిజానికి కారు నడుం కిందికి దిగుతుంటే ఆ గాటు రెండువైపుల నుంచీ మూసుకుపోతోంది. అంతకుముందు డోరుకీ పిల్లరుకీ మధ్య సందులో పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ల దూరేది. టాపు దించాక ఇద్దరం ముందు సీట్లలో కూర్చుంటే ఆ సందు పైభాగంలో గోరు కూడా పట్టలేదు. డోరు తెరుచుకోలేదు. పైనుంచి ఎక్కి దిగాం. మేస్త్రిని అనడానికేం లేదు, కొయ్యమన్నది నేనే.

ఇప్పుడు చెప్పేవన్నీ టాపు కోయకముందు చేయాల్సిన పనులే. బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు తీసేయాలి. కారు సమానమైన నేల మీద ఉండాలి. సముద్రం గాలికి మన వైపు కింది పట్టీలు లోపల్నుంచి తుప్పు తినేస్తాయి, అక్కడ కొత్త రేకు వేయాలి. తర్వాత డోర్లు ఊడదీసి, ఆ ఖాళీల్లో ఇనుప పైపులు ఇంటూ గుర్తులా అడ్డంగా వెల్డింగ్ చేయాలి. ఫ్లోరు కింద రెండువైపులా పొడుగునా స్క్వేర్ పైపు, ముందు సీట్ల వెనక అడ్డంగా ఇంకోటి. ఇవన్నీ పడ్డాకే టాపు మీద చెయ్యి వేయాలి. ముందు అద్దం ఫ్రేము కదపకూడదు. నేను ఈ పైపులన్నీ తర్వాత, జాకీలతో నడుం ఎత్తించి వేయించాను. డోర్లు తెరుచుకుంటున్నాయి గానీ గతుకుల్లో బాడీ ఇంకా ఊగుతుంది.

బెల్టు సంగతి కూడా చూడండి. సీటు బెల్టు పైకొక్కెం ఉండేది డోరు పక్క పిల్లరు మీదే, అది టాపుతో పాటే పోతుంది. బండి బోల్తా పడితే తలకి ఏ అడ్డూ ఉండదు. పిల్లల్ని ఎక్కించే ఆలోచన ఉంటే ఈ ఒక్క కారణం చాలు, మానేయడానికి.

రోడ్డు మీదికి తీసుకురావడం కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. దొరికితే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నా బండి తోట గేటు దాటదు.

ఆటో టాపులు కుట్టేవాళ్ల దగ్గర రెగ్జిన్ టాపు కుట్టించాను. ఎండకి బాగానే ఉంది. అక్టోబరు వానలకి మాత్రం ఫ్లోరు రబ్బరు బిరడాలు పీకి నీళ్లు వదలాల్సి వస్తోంది.

బీచ్‌కి ఓపెన్ బండిలోనే వెళ్లాలనుంటే, కంపెనీ నుంచే సాఫ్ట్ టాప్‌తో వచ్చిన పాత మారుతి జిప్సీ వెతకండి. దానికి కింద చాసిస్ ఉంది, ఆర్సీ గొడవా ఉండదు. అయినా మనసు ఒప్పుకోకపోతే, కోయించే ముందు ఒకసారి పలాస వైపు రండి. నా కారులో కూర్చుని ఆ డోరు మీ చేత్తో తీసి చూడండి.