దుప్పటి చాలని చోట కనిపించిన ఇల్లు

పాత ఫోటోలు చూస్తే చిన్ననాటి ఇల్లూ బడీ ఉన్నవి ఉన్నట్టు గుర్తుకొస్తాయా, లేక ఫోటోలో చూసినదాన్నే జ్ఞాపకమని నమ్మేస్తామా అని మీరు అడిగారు. నా విషయంలో రెండూ జరిగాయి. ఇంటి సంగతిలో మేం పూర్తిగా మరిచిపోయినదాన్ని ఒక ఫోటో గుర్తుచేసింది. బడి సంగతిలో మాత్రం ఒక ఫోటోను చూసి పాతికేళ్ళు పొరబడ్డాను.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా మామ్మ కాపురానికి వచ్చేనాటికి ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక అది ఒడిశా గంజాం అయింది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు. మామ్మ మాత్రం ఆ గుమ్మం దాటి ఎక్కడికీ పోలేదు. ఈ జిల్లాల గొడవ ఎందుకు చెబుతున్నానో బడి ఫోటో దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. పంపకాలయ్యాక పడగొట్టి ఎవరి వాటాలో వాళ్ళు శ్లాబు ఇళ్ళు కట్టుకున్నారు. ఇంటిని ఇంటిగా తీసిన ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు, ఎందుకంటే రీలులో పన్నెండు ఫోటోలే వచ్చే రోజుల్లో మనిషి లేకుండా ఉత్త గోడను ఫోటో తీస్తానంటే పెద్దవాళ్ళు తిట్టేవారు. అందువల్ల మా ఇంటిని వెతకాలంటే మనుషుల వెనకా, పక్కనా, వాళ్ళ కాళ్ళ సందుల్లోనూ వెతకవలసి వచ్చింది.

వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మా అప్పకు, అంటే అక్కకు, సంబంధాలు చూస్తున్నప్పుడు తీయించిన ఫోటో. స్టూడియో ఆయన ఇంటికే వచ్చి, సావిట్లో కుర్చీ వేసి, వెనక గోడ పెచ్చులు కనబడకుండా ఒక పూల దుప్పటి కట్టించాడు. దుప్పటి చాలలేదు. ఎడమవైపు జానెడు గోడ బయటపడిపోయింది. ఆ జానెడు మేర కోసేసి కడిగించిన ఫోటోలే పెళ్ళివారికి వెళ్ళాయి, కోయకుండా మొదట కడిగిన కాపీని పనికిరాదని ట్రంకు పెట్టెలో పడేశారు. నేను ఇప్పుడు అప్పను చూడడం మానేసి (ఆమెకు ఈ మాట చెప్పకండి) ఆ జానెడు గోడనే భూతద్దం పెట్టి చూస్తూ ఉంటాను. అందులో గోడలోని గూడు ఉంది, గూట్లో కిరసనాయిలు బుడ్డి ఉంది, బుడ్డి మసి గూటి పైఅంచుకు నల్లగా పట్టి ఉంది. దాని పక్కన మేకుకు మా నాన్నగారి గొడుగు వేలాడుతోంది. ద్వారబంధానికి పసుపు రాసిన గుర్తుల కిందుగా బొగ్గుతో గీసిన అడ్డగీతలు నాలుగు కనిపిస్తాయి. అవి ఉగాది ఉగాదికీ మా ఎత్తు కొలిచి గీసినవి. ఆ గీతల సంగతి ఇంట్లో అందరమూ పూర్తిగా మరిచిపోయాం. అప్పకు చూపించినప్పుడు కాసేపు మాట్లాడకుండా ఉండి, పై గీత తనది కాదనీ, ఆ ఏడాది మా ఇంట్లో ఉండి చదువుకున్న అత్త కొడుకుదనీ చెప్పింది.

రెండోది మా బాబయ్య ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన చిన్న చదరపు ఫోటో. పెరట్లో నూతి దగ్గర అమ్మ చేద పట్టుకుని నిలబడి ఉంది. నా జ్ఞాపకంలో వంటింటి గుమ్మంలోంచి పెరట్లోకి దిగితే నుయ్యి కుడిచేతివైపు ఉండేది, ఫోటోలో ఎడమవైపు ఉంది. ఫోటో అబద్ధం చెప్పదు కదా అని చాలాకాలం నా జ్ఞాపకాన్నే తప్పుపట్టుకున్నాను. మా తమ్ముడితో కలిసి ఇంటి నక్షా గీసినప్పుడు కూడా నుయ్యిని ఎడమవైపే వేశాను. నక్షా చూసిన అప్ప, ఫోటో తెమ్మని, ఒక్క చూపు చూసి, "అమ్మ పమిట ఏ భుజం మీదుందో చూడు" అంది. కుడి భుజం మీద ఉంది. అమ్మ జన్మలో అలా కట్టుకోలేదు. నెగెటివ్‌ను తిరగేసి కడిగినందువల్ల కుడి ఎడమలు తారుమారయ్యాయి. పాత ఫోటోలతో ఇంటిని నెమరువేసుకునేవారు ఇటువంటి అనుమానం వచ్చినప్పుడు పమిట, చొక్కా జేబు, గుండీల పట్టీ, కనబడితే ఏదైనా బోర్డు మీది అక్షరాలు మొదట చూసుకోవడం మంచిది. నుయ్యి తిరిగి కుడివైపుకు వచ్చింది.

రైలు స్టేషన్లో తీసుకున్నవి రెండు మూడు ఉన్నాయి. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న బండి, రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచేది, 2004లో ఆగిపోయింది. 2010లో మా ఊరికి పెద్ద లైను వచ్చింది. ఆ ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి కనుక వాటిని వదిలేస్తున్నాను.

ఇక బడి. మా బడిలో తెలుగు సెక్షనూ ఒడియా సెక్షనూ ఒకే వరండాలో పక్కపక్కన ఉండేవి. తెలుగు చెప్పే ఆయనను మాస్టారనీ, ఒడియా చెప్పే ఆయనను సార్ అనీ పిలిచేవాళ్ళం. ఐదో తరగతి చివర రెండు సెక్షన్ల పిల్లలనూ కలిపి తీసే గ్రూపు ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి మా ఇంట్లో వేలాడదీశారు. ముందు వరుసలో మోకాళ్ళ మీద కూర్చున్న పిల్లల మధ్య ఒక పలక నిలబెట్టి, దాని మీద తరగతీ సంవత్సరమూ సుద్దతో రాశారు. తరగతి కనిపిస్తుంది, సంవత్సరం మీదికి ఒక కుర్రవాడి మోకాలు వచ్చేసింది. రెండో వరుసలో చారల చొక్కాతో కళ్ళు చికిలించి నిలబడ్డది నేనేనని నాకు తెలుసు. ఎదురెండ కళ్ళలో పడడం, పక్కవాడు మోచేత్తో పొడవడం, కదలొద్దని మాస్టారు గదమడం అన్నీ నాకు గుర్తే. అయితే నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడు అది తనేనని మొదటినుంచీ వాదించేవాడు. ఆ వయసులో మా ఇద్దరి ముఖాలూ ఒకే అచ్చు.

నా దగ్గర ఒక సాక్ష్యం ఉండేది. పిల్లల వెనక బడి బోర్డు మీద ఒడియా అక్షరాల్లో జిల్లా పేరు గంజాం అని స్పష్టంగా ఉంది. నేను ఐదు చదివింది 1990లో, వాడు చదివింది 1994లో. వాడి నాటికి మేం గజపతి జిల్లాలో ఉన్నాం కనుక ఫోటో నాది కాక తప్పదు. బోర్డుకు రంగు వేయించే డబ్బు మన బడికి ఎప్పుడుండేదని వాడు అడిగేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తమ్ముడి ఇంటి వరండా రేకులు లేచిపోయి, ఫోటోలున్న ట్రంకు పెట్టెలోకీ గోడకున్న ఫ్రేముల్లోకీ నీళ్ళు దిగాయి. పది రోజుల తర్వాత నేను వెళ్ళేసరికి ఫోటోలు అట్టల్లా అతుక్కుపోయి ఉన్నాయి. బలవంతాన ఊడదీస్తే బొమ్మ పొర చిరిగిపోతుందని మా మరదలే ఆపి, పళ్ళెంలో చల్లటి మంచినీళ్ళు పోసి నానబెట్టి, వాటంతట అవి విడిపోయాక బొమ్మ పైకి ఉండేలా పాత చీర మీద ఆరబెట్టింది. నాన్నగారు ఫౌంటెన్ పెన్నుతో వెనక రాసిన పేర్లు, తేదీలు నీలం మరకలై కొట్టుకుపోయాయి. అమ్మకు పెన్ను ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఆమె పెన్సిలుతో రాసేది, పెన్సిలు రాత ఒక్క అక్షరమూ చెరగలేదు.

గ్రూపు ఫోటో మాత్రం అద్దానికి పట్టేసింది. దాన్ని విడదీయకుండా అద్దంతో సహా స్కాను చేయించాలని వెనక చెక్క మేకులు పీకాం. అట్ట వెనక పెన్సిలు రాత కనబడింది. మొదట చూసినది తమ్ముడి కూతురు. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతుంది, చదువు ఒడియా, ఇంగ్లీషుల్లో కావడంతో తెలుగు చదవడం రాదు. వాడుక భాష పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఊరిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. మా పిల్లల దగ్గర ఇప్పుడు వాడుక ఉంది, పుస్తకం లేదు.

"పెదనాన్నా, ఇక్కడ ఏం రాసుంది?" అని అట్ట నా చేతికిచ్చింది. నేను పైకే చదివాను. "చిన్నోడి ఐదో తరగతి. తొడుక్కున్నది పెద్దోడి చొక్కా."

పీకిన మేకులు ఏరుతున్న తమ్ముడు తల ఎత్తకుండానే అన్నాడు. "పోనీలే అన్నయ్యా, చొక్కా నీదే."